చిలకముక్కు కోడిపిల్లలకి పెరియపాళెం దాటాక ఉన్న ఈ ఫామ్: ఎవరికి మంచిది, ఎవరికి కాదు

చిలకముక్కు, పొడవు తోక ఉండే అసిల్ (మన పందెం కోడి జాతి) కోళ్ళని జాతి చెడకుండా పెంచి వాటి నుంచి పిల్లల్ని తీయాలనుకునేవాళ్ళు చెన్నై చుట్టుపక్కల ఎక్కడ కొనాలి అని అడిగితే నేను ఈ ఫామ్‌కే పంపిస్తాను. ఇంటి ముందు అందంగా ఒక పుంజు తిరిగితే చాలు అనుకునేవాళ్ళకి ఇంత ఖర్చు అక్కర్లేదు. సంక్రాంతికి బరిలో దింపడానికి కావాలనుకునేవాళ్ళని ఫామ్ ఓనర్ గేటు దగ్గర నుంచే పంపేస్తారు, ఎంత డబ్బిస్తామన్నా ఇవ్వరు, అది నా కళ్ళతో చూశాను, ఆ ఒక్క పనికే ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. జంతుహింస నిరోధక చట్టం 1960 నుంచి ఉంది, అయినా మనవాళ్ళలో అసిల్ అనగానే కత్తి కట్టడమే గుర్తొచ్చేవాళ్ళు ఎక్కువ. ఈ కోడిని దాని రూపం కోసం, నడక కోసం, ఆ ముత్యం లాంటి తెల్లకన్ను కోసం పెంచేవాళ్ళు కూడా ఉన్నారని గట్టిగా చెప్పాల్సిన అవసరం ఉంది.

నేను చెన్నైలో మాధవరం వైపు ఉంటాను, సొంతూరు ప్రకాశం జిల్లా. మా వైపు ఈ పొడవు తోక కోళ్ళకి అందాల పోటీలు జరుగుతాయి, తమిళనాడులోనూ జరుగుతాయి, ఇక్కడ వీటిని కిళిమూక్కు అంటారు. పోటీలో కోడి కోడితో తలపడదు, ఒక్కోదాన్ని నిలబెట్టి ముక్కు, ముఖం, తురాయి (తల మీది ఎర్రటి కండ), కన్ను, మెడ, నిలుపు (నిలబడే తీరు), కాళ్ళు, తోక విడివిడిగా చూస్తారు. ముక్కు పొట్టిగా, మందంగా, కిందికి వంగి ఉండాలి. తురాయి తలకి అతుక్కుని ఉండాలి. గడ్డం కింద ఎర్రతోలు వేలాడకూడదు. కాళ్ళు మొత్తం ఒకే రంగులో శుభ్రంగా ఉండాలి, మధ్యలో నల్ల మచ్చలు రాకూడదు. తోక వెనక్కి జారి నేలని తాకాలి. అమెరికా పౌల్ట్రీ అసోసియేషన్ అసిల్‌ని 1981లో తమ ప్రమాణాల పుస్తకంలో చేర్చింది కానీ అందులో ఉన్నది బిగువైన ఈకల, గట్టి కండల పోరాట కోడి శరీరం. మన చిలకముక్కు ప్రమాణం వేరు, అది ఇక్కడి పెంపకందార్ల మధ్య నోటిమాటగా, పోటీల్లో మార్కులుగా నడుస్తోంది. నోటిమాట కాబట్టి ఎవడికి నచ్చింది వాడు చెప్పి అమ్ముకుంటున్నాడు. కొనేవాళ్ళకి అసలు ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది.

ఆ ఇబ్బంది ఏంటో చెబితే ఈ ఫామ్ ఎందుకు నచ్చిందో అర్థమవుతుంది. ఈ జాతి పుంజు పూర్తి ఆకారానికి రావడానికి ఏడాది దాటుతుంది, ఒక్కోసారి ఏడాదిన్నర పడుతుంది, తోక అయితే ఇంకా ఆలస్యం. నెల పిల్లని చూసి ముక్కు వంపు కాస్త అంచనా వేయొచ్చేమో గానీ తోక, నిలుపు, ఎముక ఎవరికీ తెలియవు. అంటే పిల్లని అమ్మేవాడు మనకి అమ్మేది ఒక మాట. ఆ మాట నిజమో కాదో ఏడాది తర్వాత తెలుస్తుంది, అప్పటికి వాడి ఫోన్ స్విచాఫ్. నేను ఇంతకుముందు వేరే ఒకరి దగ్గర ఫోటోలో అద్భుతంగా ఉన్న ఒక పుంజు, పెట్ట జత కొన్నాను. ఆ రెండూ నిజంగానే బాగున్నాయి. వాటికి పుట్టిన పిల్లల్లో కొన్నింటికి మాత్రం నిలువు తురాయి లేచింది, ఒకదానికి గడ్డం కింద ఎర్రతోలు దిగింది, కాళ్ళు తలో రంగు. అడిగితే "మీ మేత తేడా సార్" అన్నాడు. మేతకి తురాయి మారదు.

ఈ తురాయి సంగతి కొంచెం వివరంగా చెప్తాను, కొనబోయేవాళ్ళకి ఇది తెలిసి ఉండాలి. అసిల్‌కి ఉండాల్సింది మూడు చిన్న వరసలుగా తలకి అంటుకుని ఉండే పొట్టి తురాయి. ఇది బలమైన లక్షణం, తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి దగ్గర నుంచి వచ్చినా పిల్లలో కనిపిస్తుంది. నిలువుగా పళ్ళు పళ్ళుగా లేచే మామూలు తురాయి ఇద్దరి దగ్గర నుంచీ వస్తేనే బయటపడుతుంది. కాబట్టి పైకి చక్కటి పొట్టి తురాయి ఉన్న పుంజూ పెట్టా రెండూ లోపల మామూలు తురాయిని దాచుకుని ఉండొచ్చు, అలాంటి జతకి సగటున నాలుగు పిల్లల్లో ఒకటి నిలువు తురాయితో వస్తుంది. మెండెల్ వారసత్వ సూత్రాలు మొక్కలకే కాదు, జంతువులకీ వర్తిస్తాయని విలియం బేట్సన్ అనే శాస్త్రవేత్త 1902లో చూపించింది కూడా కోళ్ళ తురాయిల మీదే. నూట ఇరవై ఏళ్ళు దాటిన సంగతి ఇది, అయినా "ఎప్పుడో ఒకటి అలా వస్తుంది సార్, మామూలే" అని చెప్పి అమ్మేస్తూనే ఉన్నారు.

ఈ ఫామ్ ఓనర్‌కి ఆ లెక్క నోటికి వచ్చు. కొత్తగా బయట నుంచి తెచ్చిన పుంజుని ఆయన నేరుగా తన పెట్టల్లోకి వదలరు. ముందు నిలువు తురాయి ఉన్న మామూలు నాటుపెట్టలతో కలిపి పిల్లల్ని తీస్తారు. పుంజు లోపల మామూలు తురాయిని దాచుకుని ఉంటే పిల్లల్లో దాదాపు సగానికి నిలువు తురాయి వస్తుంది. వరసగా పది పిల్లలకీ పొట్టి తురాయే వస్తే ఆ పుంజుని నమ్మొచ్చు, ఎందుకంటే దాచుకున్న పుంజుకి పదికి పదీ అలా రావడం వెయ్యిలో ఒకసారి కూడా జరగదు. ఆ నాటు పిల్లల్ని తర్వాత కూరకి అమ్మేస్తారు, జాతి పేరు చెప్పి అమ్మరు. ఇంత ఓపిక, ఇంత ఖర్చు పెట్టి ఒక పుంజుని పరీక్షించేవాళ్ళని నేను ఇంకెక్కడా చూడలేదు.

కాళ్ళ రంగు విషయంలోనూ అంతే. పసుపు కాళ్ళ కుటుంబాన్ని, తెల్లకాళ్ళ కుటుంబాన్ని వేరువేరు గదుల్లో పెంచుతారు. పసుపు చర్మం దాక్కునే లక్షణం, తెల్లది బలమైనది, కాబట్టి రెండూ పసుపు కాళ్ళవైతే పిల్లలన్నీ పసుపే, తెల్లకాళ్ళ జతకి మాత్రం ఉన్నట్టుండి పసుపు కాళ్ళ పిల్ల రావచ్చు. ఈ పసుపు రంగు జన్యువు కోళ్ళకి ఎర్ర అడవికోడి నుంచి కాకుండా మన దక్షిణాది కొండల్లో తిరిగే బూడిదరంగు అడవికోడి వైపు నుంచి వచ్చిందని 2008లో శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ మాట నేను చెప్తే ఆయన మొహం వెలిగిపోయింది, ఆ రోజంతా వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పారు.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు పుంజుని చూపించమన్నాను. "ఒక్క పుంజుని చూస్తే ఏం తెలుస్తుంది తమ్ముడూ, దాని అన్నదమ్ముల్ని చూడు" అన్నారు. వాళ్ళది ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబం, తరాలుగా ఇక్కడే ఉన్నారు, మాటలో తమిళం యాస కలుస్తుంది, మనం ఏది అడిగినా విసుక్కోకుండా చెప్తారు. ముందు వెనక గదికి తీసుకెళ్ళారు. అందులో ఉన్నవి తీసేసినవి. ముక్కు సూటిగా ఉన్నవి, వేళ్ళు వంకరపోయినవి, కన్ను ముత్యం రంగుకి రాకుండా ఎర్రగా ఉండిపోయినవి, తోక పక్కకి తిరిగినవి. ఒక్కోదాన్ని చేతిలోకి తీసుకుని ఇది ఫలానా గది పిల్ల, ఇందుకు తీసేశాం అని చెప్పారు. ఒక్కో గదిలో పుట్టినవాటిలో ఎన్ని ఉంచారో ఎన్ని తీసేశారో పుస్తకంలో రాసుంది, అడిగితే చూపిస్తారు. మంచివాటిని అందరూ చూపిస్తారు. ఒక కుటుంబం నిలకడగా ఒకే రకం పిల్లల్ని ఇస్తోందా లేదా అన్నది తీసేసినవాటిని చూస్తేనే అర్థమవుతుంది. నేను కొనాలని నిర్ణయించుకున్నది మంచి పుంజు దగ్గర కాదు, ఆ వెనక గదిలోనే.

మొత్తం నాలుగు కుటుంబాలు, నాలుగు గదులు. పెట్టపిల్లలు తల్లి గదిలోనే ఉంటాయి, పుంజు మాత్రం ఏటా పక్క గదికి మారుతుంది, మొదటి గదిలో పుట్టింది రెండో గదికి, రెండో గదిది మూడుకి, అలా. దీనివల్ల బయట నుంచి మాటిమాటికీ రక్తం తేవాల్సిన పని లేకుండా, అన్నాచెల్లెళ్ళ జతలు పడకుండా చాలా ఏళ్ళు నడపొచ్చు. సొంత తోబుట్టువుల్ని కానీ తండ్రినీ కూతుర్నీ కానీ కలిపితే పిల్లల్లో అంతఃప్రజననం, అంటే దగ్గరి రక్తం కలిసిన మోతాదు, ఒక్క తరంలోనే 25 శాతానికి చేరుతుంది, సవతి తోబుట్టువులైతే 12.5 శాతం. పొదిగే శాతం పడిపోవడం, పిల్లలు నీరసంగా ఉండి చనిపోవడం అక్కడి నుంచి మొదలవుతాయి. అందుకే ఆయన ఒకే గది నుంచి పుంజుపిల్లనీ పెట్టపిల్లనీ జతగా అమ్మరు. మీరెంత బతిమాలినా అమ్మరు. రెండు వేర్వేరు గదుల నుంచి ఇస్తారు, ఏ గదిదో కాగితం మీద రాసిస్తారు.

గుర్తు పెట్టే పద్ధతి కూడా బాగుంది. పిల్ల పుట్టిన రోజే కాలివేళ్ళ మధ్య పల్చటి తోలుకి చిన్న రంధ్రం వేస్తారు. రెండు కాళ్ళకీ కలిపి అలాంటి చోట్లు నాలుగు, వేసినవి వేయనివి కలిపి చూస్తే పదహారు రకాల గుర్తులు వస్తాయి. రింగులు ఊడిపోతాయి, ఎవరైనా మార్చొచ్చు, ఇది మారదు. గదిలో పుంజుని మార్చాక మూడు వారాల పాటు వచ్చిన గుడ్లని పిల్లల కోసం పెట్టరు, తినడానికి వాడేస్తారు. పాత పుంజు బీజం పెట్ట శరీరంలో రెండు మూడు వారాలు నిలిచి ఉంటుంది కాబట్టి అప్పటి పిల్లల తండ్రి ఎవరో చెప్పలేం. ఈ చిన్న విషయం పాటించని చోట మిగతా పుస్తకాలన్నీ ఎంత అందంగా రాసుకున్నా దండగే, కాబట్టి మీరు ఎక్కడ కొన్నా అమ్మేవాళ్ళని ముందు ఈ ప్రశ్న అడగండి, వాళ్ళు తడబడితే వచ్చేయండి.

ఇక ధర. నాకు నెల పిల్ల 1,200 రూపాయలు పడింది, మూడు నెలల పిల్ల 3,000. పల్లావరం శుక్రవారం సంతలో ఇంతకంటే బాగా తక్కువకి దొరుకుతాయి, నిజమే, కానీ అక్కడ తల్లి ఎవరో తండ్రి ఎవరో చెప్పేవాళ్ళు ఉండరు. ఈ జాతి పెట్ట ఏడాదికి పెట్టే గుడ్లు చాలా తక్కువ, అవీ రెండు మూడు విడతలుగా పెట్టి మధ్యలో పొదుగుకి కూర్చుంటుంది. అందులో పిల్లలై బతికినవాటిలో సగానికి పైగా తీసేస్తుంటే ధర తక్కువ ఎలా అవుతుంది? గుడ్ల కోసమో కూర కోసమో అయితే అసలు ఈ జాతి వైపు రావద్దు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ వాళ్ళ గ్రామప్రియ, వనరాజ ఉన్నాయి, మన మాధవరంలోని పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ళ నందనం కోళ్ళు ఉన్నాయి, పెరటి పెంపకానికి అవి చాలా మంచివి.

పొదిగించడంలో ఆయన పద్ధతి నాకు బాగా ఉపయోగపడింది. అసిల్ పెట్ట తల్లిగా చాలా మంచిది, గద్ద వచ్చినా ఎదురెళ్తుంది, కానీ బరువు ఎక్కువ కావడంతో గుడ్లు చిట్లుతాయి. అందుకని ఆయన గుడ్లని ఇంక్యుబేటర్‌లో పెట్టి, పిల్లలు బయటికొచ్చాక చిన్న నాటుపెట్ట కిందకి రాత్రిపూట చేరుస్తారు. ఉష్ణోగ్రత 37.5 నుంచి 37.8 డిగ్రీలు, పద్దెనిమిదో రోజు నుంచి గుడ్లు తిప్పడం ఆపేసి తేమ పెంచడం, ఇవి అందరికీ తెలిసినవే. చెన్నైలో చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది, ఇంక్యుబేటర్‌లో పెట్టకముందు గుడ్లని ఎక్కడ ఉంచుతున్నాం అన్నది. ఇక్కడ ఎండాకాలంలో గది వేడికే గుడ్డులో పిండం కదలడం మొదలవుతుంది, సగం కదిలి ఆగి చనిపోతుంది, మనం మెషీన్‌ని తిడతాం. ఆయన గుడ్లని 16, 17 డిగ్రీల్లో ఒక చిన్న పెట్టెలో ఉంచి వారం లోపే పొదుగుకి పెడతారు. కత్తిరి ఎండల్లో అసలు పిల్లల్నే తీయరు. మేలో పిల్లలు కావాలని ఫోన్ చేస్తే దొరకవు, ముందే తెలుసుకోండి.

నచ్చనివి కూడా ఉన్నాయి. వాట్సాప్‌లో జవాబు రావడానికి రోజులు పడుతుంది, ఫోటోలు పంపమంటే పంపరు, వచ్చి చూడమంటారు. చిన్న పిల్లలున్న మాలాంటి ఉద్యోగస్తులకి ఆదివారం తప్ప కుదరదు, ఆదివారం అక్కడ పెరియపాళెం గుడికి వెళ్ళే జనంతో దారి మొత్తం ట్రాఫిక్. డెలివరీ లేదు. పిల్లలకి కొక్కెర తెగులు టీకా మొదటి వారంలోనే వేస్తారు, తర్వాతవి కూడా కార్డు మీద తారీఖులతో రాసిస్తారు, అది చాలా బాగుంది, కానీ మారెక్స్ (కాళ్ళు పడిపోయి, ఒంట్లో గడ్డలు వచ్చే వైరస్ జబ్బు) టీకా వేయరు. సీసా వెయ్యి డోసులది వస్తుంది, కలిపాక కొద్ది గంటల్లో వాడేయాలి, పది పదిహేను పిల్లల కోసం అది తెరవలేం అంటారు. కారణం నాకు అర్థమైంది, అయినా ఇంత ధర పెట్టి కొనేవాళ్ళకి అది కూడా ఉండాలి అనే నా అభిప్రాయం. ఇరుగుపొరుగు పెంపకందార్లు నలుగురు ఒకే రోజు పిల్లల్ని తీస్తే ఒక సీసా పంచుకోవచ్చని చెప్పాను, చూద్దాం అన్నారు.

ఇంకో సంగతి, మీ ఇంట్లో చోటు లేకపోతే ఆయన అమ్మరు. మేడ మీద ఇనుప గూట్లో పెంచుతామంటే వద్దంటారు. కొంతమందికి ఇది అహంకారంలా అనిపించిందట, నాకు అలా అనిపించలేదు. పొడవు తోక ఈక పెరగడానికి నెలలు పడుతుంది, ఇరుకు గూట్లో తిరిగేటప్పుడు రెండు వారాల్లో విరిగిపోతుంది, మళ్ళీ ఈక రాలి కొత్తది వచ్చేదాకా ఆగాల్సిందే. నేల మీద పొడి ఇసుక ఉండాలి, కూర్చునే కర్ర తోక నేలకి ఆనకుండా ఉండేంత ఎత్తులో ఉండాలి. ముఖ్యంగా నవంబర్, డిసెంబర్ వానల్లో తడి నేల తోకనే కాదు ప్రాణాల్ని కూడా తీస్తుంది, రక్త విరేచనాలు పట్టుకునేది అప్పుడే. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫానుకి చెన్నై ఎలా మునిగిందో అందరం చూశాం. ఆయన గదులన్నీ నేల కంటే నడుము ఎత్తు దిబ్బ మీద కట్టి ఉన్నాయి. నేనూ మా పెరట్లో అలాగే మట్టి పోయించి ఎత్తు చేశాకే పిల్లల్ని తెచ్చుకున్నాను.

నేను తెచ్చుకున్నవి రెండో గది పుంజుపిల్ల ఒకటి, నాలుగో గది పెట్టపిల్లలు రెండు. పుంజు ఇప్పుడు డేగ (ఎర్ర ఈకల) రంగు మీద నిండుగా దిగింది, ముక్కు వంపు చక్కగా ఉంది, కన్ను తెల్లగా ముత్యంలా తేలింది, తోక నేలని అందుకుంటోంది. పెట్టల్లో ఒకదాని ముక్కు నేను కోరుకున్నంత పొట్టిగా రాలేదు. ఆ మాట ఆయనకి ఫోన్‌లో చెప్తే వాదించలేదు, కాలి గుర్తు అడిగి పుస్తకం తీసి చూసి, దాని అక్కాచెల్లెళ్ళలో ఇంకో దానికీ అలాగే ఉందని ఆయనే చెప్పారు, ఆ తల్లి పెట్టని ఈ ఏడాది పిల్లల కోసం వాడట్లేదన్నారు, నా దగ్గర ఉన్నదాన్ని పిల్లల్ని తీయడానికి వాడొద్దని చెప్పి, వచ్చే విడతలో ఇంకో పెట్టపిల్లని సగం ధరకే ఇస్తానన్నారు. చాలామంది పుంజుకి వేలు పోసి పెట్టని ఏదో ఒకటి అని తెచ్చుకుంటారు. పిల్లకి సగం వచ్చేది పెట్ట దగ్గర నుంచే, ముక్కూ ముఖమూ నిలవాలంటే పెట్టలోనే అవి కనబడాలి. పెట్ట విషయంలో ఇంత పట్టుగా ఉండే మనిషి దొరకడం నాకు చాలా సంతోషంగా ఉంది.

మొదటి జతకి మా ఇంట్లో పిల్లలు పుట్టాయి, ఇంకా చిన్నవే. అన్నింటికీ పొట్టి తురాయే. ముక్కు, నిలుపు ఎలా దిగుతాయో చూడాలి, ఏడాది తిరిగాక ఫోటోలతో ఇక్కడే రాస్తాను.

వెళ్ళేవాళ్ళు రెడ్‌హిల్స్ మీదుగా జనప్పన్‌ఛత్రం దగ్గర ఊత్తుకోట రోడ్డు ఎక్కాలి. ఉదయం ఎనిమిదికి ముందే వెళ్తే మేత వేసే టైం, కోళ్ళన్నీ బయట ఉంటాయి, నడక, నిలుపు బాగా కనిపిస్తాయి. మీ ఇంట్లో వేరే కోళ్ళుంటే అదే చెప్పులతో వెళ్ళకండి, గేటు దగ్గర మందు నీళ్ళ తొట్టి పెట్టారు, అందులో కాళ్ళు ముంచాకే లోపలికి రానిస్తారు. తెచ్చిన పిల్లల్ని మీ కోళ్ళలో కలపకుండా మూడు వారాలు దూరంగా ఉంచండి. మూడో గది పిల్లలు ఈసారి అయిపోయాయి, రెండు, నాలుగు గదులవి సంక్రాంతి తర్వాత వస్తాయట, కావాలంటే ఇప్పుడే ఫోన్ చేసి పేరు రాయించుకోండి, అడ్వాన్స్ తీసుకోరు.